చెమటయు చర్మపు వేడిమియు: ఎండలో పాటుపడువారు ఎరుగవలసిన సంగతులు

ఎద్దు నాలుక చాచి రొప్పుచున్నచో రైతు కాడి విప్పి దానిని నీడకు తోలును. గేదె బురదగుంట వైపు మరలినచో అడ్డగింపడు. ఆ మూగజీవములకు వేడిమి మితిమీరినదని చూచినంతనే గ్రహించును. కాని తన దేహము అదే మాట చెప్పునప్పుడు మాత్రము, ఇంకొక సాలు, ఇంకొక మోపు అనుచు పని సాగించుచుండును. పశువునకు చూపు కనికరమును తన మేనికిని చూపవలెనన్నచో, ఆ మేను ఏ భాషలో మాటలాడునో రైతు తెలిసికొనవలెను. ఆ భాషయే చెమట.

రామగుండము, గోదావరిఖని ప్రాంతముల వారికి ఎండ క్రొత్తది కాదు. మే నెలలో 45 డిగ్రీలు దాటిన దినములను మనమందరము చూచినవారమే. ఒకప్రక్క ఓపెన్‌కాస్టు గనుల నల్లని బొగ్గును, తవ్విపోసిన మట్టిగుట్టలును పగలంతయు వేడిమిని పీల్చి మరల మనపైకి విడుచుచుండును. ఆ దినములలోనే యాసంగి వడ్లు కల్లములలోను, కొనుగోలు కేంద్రములలోను ఆరుచుండును. ఒకే యింటిలో అన్న సింగరేణి బాయి దిగుచుండగా తమ్ముడు పొలమున నుండుట ఇచట సామాన్యము. ఒకనికి నేలపై ఎండ, మరియొకనికి నేలక్రింద ఉక్క. ఇరువురిని కాపాడునది ఒక్క చెమటయే. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశములు రెండింటను కలిపి రెండు వేలకు మించిన ప్రాణములు పోయినవి. వారిలో ఆరుబయట కష్టించు కూలివారును, వృద్ధులును ఎక్కువ. కావున ఈ సంగతి కేవలము శాస్త్రవినోదము గాదు.

చెమట ఎప్పుడు పట్టును, ఎంత పట్టును అనునది దేహపు లోపలి వేడిమి ఒక్కదానిపైననే ఆధారపడియుండలేదు. చర్మపు వేడిమియు అందు పాలుగొనుచున్నది. ఈ యొక్క విషయమును చక్కగా గ్రహించిన రైతు తన ఒంటి నీటిని తక్కువ వ్యయముచేసి ఎక్కువ పని చేసికొనగలడు, ఆపదనుండియు తప్పించుకొనగలడు. ఆ విధమును క్రమముగా వివరింతుము.

కుండయు దేహమును

క్రొత్త మట్టికుండలో నీరు పోసి వేపచెట్టు నీడనుంచినచో కొంత సేపటికి నీరు చల్లబడును. కుండ గోడలోని సన్నని రంధ్రములగుండ నీరు పైకి చెమర్చును. ఆ చెమ్మను గాలి ఆర్చును. ఆరుచున్న నీరు తనకు కావలసిన వేడిమిని కుండనుండియే గైకొనును. అందుచేత మిగిలిన నీరు చల్లబడును.

ఇందు మన యిల్లాండ్రు ఎరిగిన సంగతులు మూడు కలవు. పొడిగాలి వీచు వేసవిలో కుండ బాగుగా చల్లబరచును. శ్రావణమాసపు ముసురులో కుండ పైని చెమ్మ అట్లే నిలిచియుండునే గాని నీరు చల్లబడదు. కుండకు ప్లాస్టిక్ సంచి చుట్టినచో ఎట్టి పొడిగాలిలోనైనను ప్రయోజనముండదు. దీనివలన తేలునదేమనగా, చల్లబరచునది చెమ్మ గాదు, చెమ్మ ఆరుట.

మన దేహమును అట్టి కుండయే. చర్మములో 20 లక్షలనుండి 40 లక్షల వరకు స్వేదగ్రంథులు గలవు. ఒక లీటరు చెమట చర్మముపై పూర్తిగా ఆరినచో దేహమునుండి సుమారు 580 కిలోకాలరీల వేడిమిని కొనిపోవును. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు కావలసిన వేడిమికి కిలోకాలరీ యని పేరు. అదే లీటరు చెమట ఆరక నేలపై కారిపోయినచో దాని వలన లాభము దాదాపు శూన్యము.

1774వ సంవత్సరమున లండను నగరమున చార్లెస్ బ్లాగ్డెన్ అను వైద్యుడును, అతని మిత్రులును నీరు మరుగు వేడిమికంటె హెచ్చు వేడిమిగల గదిలో ప్రవేశించి కొన్ని నిమిషములు నిలిచిరి. ఆ గదిలోనుంచిన గ్రుడ్లు గట్టిపడినవి, మాంసము కాలినది. మనుష్యులు మాత్రము క్షేమముగా వెలువడిరి. గదిలోని గాలి పొడిగా నుండుటయు, వారి చెమట వెంటవెంట ఆరుటయు ఇందుకు ముఖ్యకారణములు. అదే గదిలో పాత్రలోనుంచిన నీరును మరుగలేదు. దానిపై నూనె వేసి ఆవిరి పోకుండ చేసిన పిమ్మటనే మరిగినది. మన కుండకు ప్లాస్టిక్ చుట్టినప్పటి కథయే యిది.

వేడిమికిని వాలు కావలెను

ఆరోగ్యవంతుని దేహములోపల వేడిమి సుమారు 37 డిగ్రీలు. హాయిగా నున్నప్పుడు చర్మపు వేడిమి 33 లేక 34 డిగ్రీలు. ఈ రెండింటి నడుమనున్న మూడు నాలుగు డిగ్రీల తేడాయే మన జీవనాధారము. కాలువకు వాలున్ననే గాని నీరు పారదు గదా. అట్లే లోపలి వేడిమి రక్తము వెంట చర్మమునకు పారవలెనన్నచో చర్మము లోపలికంటె చల్లగా నుండవలెను. చర్మము 36 డిగ్రీలకు వేడెక్కినచో వాలు తగ్గును. అప్పుడు అంతే వేడిమిని వెలికి పంపుటకు గుండె ఎక్కువ రక్తమును చర్మమునకు తోడవలసియుండును. ఎండలో గుండె దడదడ కొట్టుకొనుటకును, కండ్లు బైర్లు క్రమ్ముటకును ఇది ఒక కారణము.

లోపల వేడిమి ఎంత వేగముగా పేరుకొనునో ఒక లెక్క చూడుడు. 60 కిలోల బరువుగల మనుష్యుని దేహము ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 50 కిలోకాలరీలు చాలును. పారతో గట్టు వేయుచున్నవాని దేహములో గంటకు 300 కిలోకాలరీల వేడిమి పుట్టుట వింత గాదు. అది ఏ దారినను వెలికి పోనిచో పది నిమిషములకొక డిగ్రీ చొప్పున దేహము వేడెక్కును. అరగంటలో 37 డిగ్రీలు 40 డిగ్రీలగును. 40 డిగ్రీలు దాటుట ప్రాణాపాయపు గడప. గాలి 30 డిగ్రీలున్నప్పుడు చర్మమునుండి కొంత వేడిమి గాలిలోనికి తానుగా పోవును. గాలి 45 డిగ్రీలున్నప్పుడు వాలు తలక్రిందులై గాలినుండియే వేడిమి దేహములోనికి ప్రవహించును. అట్టి దినమున వెలికి పోవుటకు మిగిలిన తూము చెమట యొక్కటియే.

చెమటకు ఆజ్ఞ యెచటినుండి వచ్చును

మెదడు అడుగుభాగమున హైపోథలమస్ అను చిన్న భాగము గలదు. ఊరి చెరువునకు నీరటికాడెట్లో దేహపు వేడిమికి అది అట్టిది. నీరటికాడు చెరువు మట్టమును చూచును, ఎగువ వాన వార్తయు వినును. ఆ రెండును చూచి తూము ఎంత ఎత్తవలెనో నిర్ణయించును. హైపోథలమస్సును అట్లే రెండు వార్తలను వినును. మొదటిది లోపలి రక్తపు వేడిమి. రెండవది చర్మములోని నరముల కొసలు పంపు చర్మపు వేడిమి.

1971వ సంవత్సరమున అమెరికా దేశమున నాడెల్, బుల్లార్డ్, స్టాల్‌విక్ అను శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి ప్రకటించిరి. డిగ్రీకి డిగ్రీ చూచినచో లోపలి వేడిమి మాటకు చర్మపు వేడిమి మాటకంటె సుమారు పదింతలు విలువ గలదని వారు కనుగొనిరి. అయినను చర్మపు మాట తేలిక గాదు. ఏలయన, లోపలి వేడిమి సామాన్యముగా ఒకటి రెండు డిగ్రీలకంటె మారదు, చర్మపు వేడిమియో పది డిగ్రీలకు మించి మారగలదు. ఇదిగాక, ఏ చోటి చర్మము వేడిగా నుండునో ఆ చోటి గ్రంథులు అదే ఆజ్ఞకు ఎక్కువ చెమటను విడుచునని, చర్మము చల్లగా నున్నచోట తక్కువ విడుచునని కూడ వారు చూపిరి. కావున చర్మపు వేడిమి రెండు విధముల పనిచేయును: మెదడునకు ముందుగా హెచ్చరిక పంపుట యొకటి, గ్రంథులను ఆ చోటనే చురుకుపరచుట మరియొకటి.

ఇది మన అనుభవమునకు సరిపోవుచున్నదా చూతము. మధ్యాహ్నపు టెండలో ఊరక కూర్చున్నవానికిని చెమట పట్టును. వాని లోపలి వేడిమి ఇంకను హెచ్చియుండదు, చర్మము కాగినందుననే మెదడు ముందుజాగ్రత్త పడినది. పుష్యమాసపు తెల్లవారుజామున బరువైన పని చేయువానికి లోపల వేడిమి హెచ్చినను చెమట ఆలస్యముగా పట్టును. చల్లని చర్మము తూమును కొంత దించిపట్టియున్నది.

దీనినుండి మనకు రెండు పాఠములు గలవు. మొదటిది మేలు పాఠము. చర్మమును బయటి నీటితో చల్లబరచినచో లోపలి వేడిమికి వాలు పెరుగును, చెమట అవసరము తగ్గును, ఒంటిలోని నీరును ఉప్పును మిగులును. మెడపై వేసికొన్న తడి తువ్వాలు చేయు పని యిదియే. బావినీరు చేయగల పనికి మన రక్తములోని నీటిని ఏల వెచ్చింపవలెను?

రెండవది హెచ్చరిక. ఎండనుండి వచ్చి ముఖము కడిగికొని పంకా క్రింద కూర్చున్నంతనే చెమట ఆగును, ప్రాణము లేచివచ్చినట్లుండును. కాని ఆ హాయి చర్మము చెప్పిన మాట. లోపలి వేడిమి దిగుటకు ఇంకను సమయము పట్టును. కావున అయిదు నిమిషములకే మరల ఎండలోనికి పోరాదు. గుండె వేగము మామూలు స్థితికి వచ్చునంతవరకు నీడనుండుట యుక్తము.

కానరాని చెమట, కారిపోవు చెమట

మన ప్రాంతమున ఏటేట రెండు విధములైన వేడిమి వచ్చును. రెండింటి ఆపదలును వేరు.

మొదటిది చైత్ర వైశాఖముల పొడి వేడిమి. అప్పుడు చెమట పుట్టినది పుట్టినట్లే ఆరిపోవును. ఒళ్లు పొడిగా నుండుటచే, నాకు చెమటయే పట్టలేదు, దాహమెందులకు అని రైతు భ్రమపడును. అంగీపై తెల్లని ఉప్పు చారికలు మాత్రము నిజము చెప్పును. ఎండలో కష్టించు మనుష్యుడు గంటకు ఒక లీటరు చెమటను సులభముగా పోగొట్టుకొనును. దీనిని మీరే కొలిచి చూడవచ్చును. పనికి పోవుటకు ముందును, వచ్చిన పిదప ఒళ్లు తుడుచుకొనియు, సంఘపు గోదాములోని కాటాపై బరువు చూచుకొనుడు. త్రాగిన నీటిని లెక్కలో కలుపుకొనగా, తగ్గిన ప్రతి కిలోయు ఒక లీటరు నీటికి సమానము. మేము గ్రామములలో ఈ ప్రదర్శన చేసినప్పుడు సభ్యులు ముల్లును చూచి ఆశ్చర్యపడుట పలుమారులు కన్నాము.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అను అమెరికా విద్వాంసుడు 1758వ సంవత్సరమున వ్రాసిన యొక లేఖలో తన దేశపు కోతకూలీలను గూర్చి ఇదే చెప్పియున్నాడు. చెమట పట్టుచుండి, దానికి తగినంతగా మాటిమాటికి ద్రవమును త్రాగుచుండినంతకాలము వారు తీవ్రమైన ఎండకు తాళుకొందురనియు, చెమట ఆగిపోయినచో కూలిపోవుదురనియు ఆ లేఖ సారాంశము.

రెండవది ఆషాఢ శ్రావణముల ఉక్క. వరినాట్ల కాలమున మడిలో నీరు, గాలిలో తేమ, పైన మబ్బు. ఒళ్లంతయు చెమట కారుచుండును గాని ఆరదు. చర్మపు వేడిమి దిగదు. చర్మము వేడిగానే యుండుటచే గ్రంథులు ఇంకను చెమటను విడుచుచుండును, అదియు కారిపోవును. ఇది గండిపడిన కాలువకు నీరు వదలుటవంటిది. గంటలకొలది తడిసియే యున్న చర్మము నీటిని పీల్చి ఉబ్బి, కొంతసేపటికి చెమటయే తగ్గును. అందుచేత ఉక్కలో కారుచున్న చెమటను అప్పుడప్పుడు తుడుచుకొనుట మంచిది. పొడి ఎండలో మాత్రము తుడువరాదు, ఆరనీయవలెను.

ఈ రెండింటి తారతమ్యమును కొలుచుటకు సులభమైన సాధనము గలదు. ఒకే విధమైన ఉష్ణమాపకములు రెండు తెచ్చి, ఒకదాని గుండుకు నూలుగుడ్డ చుట్టి తడిపి, రెండింటిని నీడలో గాలి ఆడుచోట వ్రేలాడదీయుడు. తడిగుడ్డ గలది చూపునది తడి ఉష్ణోగ్రత. చెమట మనలను ఎంతవరకు చల్లబరచగలదో అది చెప్పును. గాలి 45 డిగ్రీలుండి తేమ నూటికి 15 పాళ్లున్నచో తడి ఉష్ణోగ్రత సుమారు 24 డిగ్రీలు. గాలి 34 డిగ్రీలే యుండి తేమ నూటికి 80 పాళ్లున్నచో తడి ఉష్ణోగ్రత సుమారు 31 డిగ్రీలు. అనగా, నాట్లనాటి మబ్బుపట్టిన దినమున మే నెలకంటె గాలి చల్లనిదైనను చెమట పనితనము తక్కువ.

ఈ తడి ఉష్ణోగ్రతకు గల ప్రాముఖ్యమును మొదట చక్కగా చూపినది గనులలోనే. జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండు దేశపు గనులను పరిశోధించి 1905వ సంవత్సరమున తన ఫలితములను ప్రకటించెను. కదలని గాలిలో తడి ఉష్ణోగ్రత సుమారు 31 డిగ్రీలు దాటినచో, పైబట్ట లేక ఊరక కూర్చున్నవాని దేహపు వేడిమి సైతము పెరుగ నారంభించునని ఆయన కనుగొనెను. మన దేశమున 1957వ సంవత్సరపు బొగ్గుగనుల నిబంధనలలోను ఈ కొలతనే గైకొనిరి. పనిచోట తడి ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదు, 30.5 డిగ్రీలు దాటినచో సెకండునకు ఒక మీటరునకు తక్కువగాని గాలి వీచునట్లు ఏర్పాటు చేయవలెను అని విధించిరి. బాయి దిగువానికి గాలి కొలత నియమము గలదు. పొలము దిగువానికి అట్టి నియమమును విధించువారు లేరు, తనకు తానే విధించుకొనవలెను.

క్రొత్తగా ఎండకు వచ్చినవాడు

ఒకే ఎండ అందరిని ఒకే తీరున బాధింపదు. ఏడెనిమిది దినములనుండి రెండు వారముల వరకు క్రమముగా ఎండలో పనిచేసినవాని దేహము నేర్చుకొనును. లోపల వేడిమి కొంచెము పెరిగినంతనే చెమట మొదలగును, ఎక్కువగా పట్టును, అందు ఉప్పు తక్కువగా నుండును. దక్షిణాఫ్రికా బంగారుగనులలో డ్రియోస్టి అను వైద్యుడు 1930ల నాటికే క్రొత్త పనివారిని ఇట్లు వేడిమికి అలవాటుచేసిన పిమ్మట లోతు గనులకు పంపు పద్ధతిని ప్రవేశపెట్టెను. పని మానిన కొన్ని వారములలో ఈ నేర్పు పోవును.

కావున వేసవి మొదటి వడగాడ్పు దినములు, పట్టణమునుండి సెలవుపై వచ్చిన కుమారుడు, జ్వరమునుండి లేచినవాడు, వీరిని ప్రత్యేకముగా కనిపెట్టవలెను. క్రొత్తవానికి మొదటి దినమున ఎండలో అయిదవవంతు పని మాత్రమే యిచ్చి, దినదినమునకు మరియొక అయిదవవంతు పెంచుట మేలు. వృద్ధులకు చెమట తక్కువగాను ఆలస్యముగాను పట్టును, దాహమును తక్కువగా తోచును. మద్యము నిర్జలతను పెంచును, తెలివిని మందగింపజేయును. ఎండ పనికి ముందు గాని, పని నడుమ గాని దానిని ముట్టరాదు.

ప్రత్తికి మందు చల్లువారికి

ఇచట ప్రత్తి రైతులకు ఒక మాట. వేడెక్కి చెమటతో తడిసిన చర్మము పురుగుమందును పొడి చర్మముకంటె ఎక్కువగా లోనికి పీల్చును. కావున మందు చల్లుట ప్రాతఃకాలమున చర్మము చల్లగా నున్నప్పుడే ముగింపవలెను. కాపుదుస్తులు ధరించినవాడు ప్లాస్టిక్ చుట్టిన కుండవంటివాడు, వాని చెమట ఆరదు. కాపుదుస్తులు మానుట దీనికి మందు గాదు, చల్లని వేళను ఎంచుకొని తరచుగా విశ్రమించుటయే మందు.

మరియొకటి. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి మందులు ఒంటిలో చేరినచో అవియే విపరీతముగా చెమట పట్టించును. చెమట గ్రంథులకు ఆజ్ఞ కొనిపోవు నరముల కొసలనే ఆ విషము పట్టుకొనును. చెమటతోపాటు కంటిపాప సూదిమొనవలె చిన్నదగుట, నోట చొంగ కారుట, వాంతి, ఊపిరి బిగియుట కనబడినచో అది ఎండ చెమట గాదు, విషపు చెమట. వెంటనే బట్టలు తీసి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్పవలెను.

రైతు పాటింపవలసినవి

1. బరువు పనిని వీలైనంతవరకు ఉదయము పది గంటలలోపలను, సాయంకాలము నాలుగు గంటల పిదపను చేయుడు.

2. దాహమగునంతవరకు వేచియుండక, ఎండలో పావుగంటకు ఇరువది నిమిషములకు ఒక గ్లాసు చొప్పున నీరు త్రాగుడు. గంటకు లీటరున్నరకు మించి త్రాగరాదు. వట్టి నీటితోపాటు ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, గంజి మేలైనవి. రక్తపుపోటు, మూత్రపిండముల జబ్బు గలవారు ఉప్పు విషయమున వైద్యుని అడుగవలెను.

3. తల, మెడ, ముంజేతులు తడుపుచుండుడు. తువ్వాలును తడిపి మెడకు వేసికొనుడు, ఆరినంతనే మరల తడుపుడు.

4. పలుచని, వదులైన నూలుబట్ట ధరింపుడు. గాలి చొరని బిగువు బట్టలు చర్మమునకు శత్రువులు.

5. విశ్రాంతికి నీడ యొక్కటియే చాలదు, గాలి ఆడు నీడ కావలెను. మిట్టమధ్యాహ్నపు రేకుల పాక కంటె వేపచెట్టు క్రింది నీడ శ్రేష్ఠము.

6. ఎండలో ఒంటరిగా పనిచేయరాదు. వేడిమి తలకెక్కినవాడు తన స్థితిని తాను గుర్తింపలేడు, ప్రక్కవాడే గుర్తింపవలెను.

చెమటతో నున్నవానిపై నీరు పోయరాదను మాట

మన పల్లెలలో చెమట పట్టియున్నవాడు నీరు పోసికొనరాదని, పోసికొన్నచో జ్వరము వచ్చునని పెద్దలు చెప్పుదురు. అది వారి వాత్సల్యమువలన వచ్చిన మాట. కాని వడదెబ్బ తగిలినవాని విషయమున ఆ మాట పాటించుట ప్రాణములమీదికి తెచ్చును. లోపలి వేడిమి 40 డిగ్రీలు దాటి మెదడు చెడుచున్నప్పుడు ఔషధము నీరే. జ్వరపు మాత్రలు అచట పనిచేయవు. ఏలయన, అది జ్వరము గాదు, వేడిమి వెలికి పోలేకపోవుట.

గుర్తు లేవనగా: పొంతనలేని మాటలు, తూలుట, మూర్ఛ, ఒళ్లు కాలిపోవుట. వడదెబ్బ తగిలినవాని ఒళ్లు పొడిగా నుండునని చాలమంది తలంతురు. కష్టపు పనిలో వడదెబ్బ తగిలినవానికి తరచుగా చెమట ఇంకను కారుచునే యుండును. కావున చెమట పట్టుచున్నది గదా, భయము లేదు అనుకొనరాదు. మాట తడబడుటయే ముఖ్యమైన గుర్తు.

అట్టివానిని వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, దొరికిన చల్లని నీరు ఒళ్లంతయు ఎడతెగక పోయుచు విసరుడు. తొట్టిగాని, మోటారు క్రింది గోళెముగాని దగ్గరనున్నచో తల పైకి పట్టుకొని మెడవరకు ముంచుడు. స్మారకము లేనివాని నోట నీరు పోయరాదు. ఒకరు 108కు టెలిఫోను చేయుచుండగా మిగిలినవారు నీరు పోయుచునే యుండవలెను. బండి వచ్చిన పిదప చూచుకొందమనుట తగదు. మొదటి అరగంటలో ఎంత వేడిమి దిగునో ప్రాణమునకు అంత భరోసా.

సంఘముల విధి

కుండకు నీడయు గాలియు నీరును కావలెనని ఎరిగినవారము. మనుష్యునకును ఆ మూడే కావలెను. అవి ఒక్కొక్క రైతు సమకూర్చుకొనుట కష్టము, సంఘము సమకూర్చుట సులభము. వడ్ల కొనుగోలు కేంద్రమును నడుపు ప్రతి సహకార సంఘమును ఏప్రిల్ నెల ప్రవేశింపకముందే పందిరి వేయించి, కుండలు నింపించి, ఒక తొట్టి నీటిని ప్రత్యేకముగా నిలువయుంచి, రెండు ఉష్ణమాపకములను గోడకు తగిలింపవలెను. ఇందునకగు వ్యయము కొన్ని బస్తాల వడ్ల వెలకు మించదు. తూకమునకై వరుసలో నిలిచిన సభ్యుని ధాన్యమెంత తడిసినదో పరీక్షించుటకు యంత్రమును పెట్టుకొన్నవారము. ఆ సభ్యుడెంత కాగినాడో చూచుటకును ఒక ఏర్పాటు చేసికొనుట న్యాయము. రాబోవు పాలకవర్గ సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలెనని సభ్యులను కోరుచున్నాము.